మంచు చూడబోతున్నారా? దారి సంగతి అడగండి!

మంచుకొండలు చూద్దామని పిల్లలు పోరు పెడుతున్నారా? మా పాతబస్తీలోనైతే పత్తర్‌గట్టీకి వెళ్ళి స్వెట్టర్లు, శాలువాలు కొనేస్తాం గానీ, అక్కడి దారి ఎలా ఉందో అడగం.

పళ్ళెంలో పిండి గుట్టగా పోసి మెల్లగా వంచి చూడండి. కాసేపు కదలదు, ఆపైన ఒక్కసారిగా జారిపోతుంది. కొండవాలు మీద పాత మంచుపై కొత్త మంచు పేరుకున్నా అంతే. సిక్కింలో 2023 ఏప్రిల్ 4న గాంగ్‌టక్–నాథులా రోడ్డు మీద మంచుచరియలు విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. పాసులు 13వ మైలు వరకే ఇచ్చినా, 15వ మైలు దాకా వెళ్ళారని అధికారులు చెప్పారు. చలికాలం పోయిందనుకునే నెల అది!

అందుకని, మంచు బాగా కురిసినాక ఒకటి రెండు రోజులు ఆగండి. వార్తల్లో మంచుచరియల హెచ్చరికలు వినండి. తెల్లవారుజామున బయలుదేరొద్దు. రాత్రి గడ్డకట్టిన రోడ్డు గాజుపలకలా జారుతుంది. మంచు నిండిన వాలు కింద ఫోటోల కోసం నిలబడొద్దు. పోలీసులు ఆపిన చోటే ఆగండి. డ్రైవరు "ఇంకొంచెం ముందుకు పోదాం" అన్నా, పిల్లలు మారాం చేసినా, "వద్దు" అని గట్టిగా చెప్పాల్సింది మనమే. ఫోటో లేకపోయినా ఫరవాలేదు, అందరం క్షేమంగా ఇల్లు చేరాలి కదండీ!