పెడల్ స్టీల్ గిటార్: చిన్న వర్క్‌షాపుల్లో పెరిగిన వాద్యయంత్రం

పెడల్ స్టీల్ గిటార్ పేరులో గిటార్ ఉన్నా, దాన్ని ఒళ్లో పెట్టుకోవడం గానీ భుజానికి తగిలించుకోవడం గానీ ఉండదు. నాలుగు కాళ్ల మీద సన్నని బల్లలా నిలబడే ఈ విద్యుత్ తంత్రీవాద్యం ముందు వాదకుడు కూర్చుని, కుడిచేతి బొటనవేలికీ మరో రెండు వేళ్లకూ తొడుక్కున్న గోళ్లతో తీగలు మీటుతూ, ఎడమచేతిలోని నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, ఎడమపాదంతో పెడళ్లు నొక్కుతూ, రెండు మోకాళ్లతో బల్ల కింద వేలాడే లీవర్లను నెడుతూ, కుడిపాదంతో ధ్వని తీవ్రతను పెంచుతూ తగ్గిస్తూ వాయిస్తాడు. అమెరికన్ కంట్రీ సంగీతంలో గాయకుడి గొంతు వెనుక ఏడుపులా, నిట్టూర్పులా వినిపించే జారుడు నాదం దీనిదే. ఈ వాద్యానికి నేటి రూపం వచ్చిన తీరు పరిశీలించదగినది. పెద్ద కర్మాగారాలు దీన్ని చేపట్టి వదిలేశాయి. ఇంటి వెనుక షెడ్లలో, కారు గ్యారేజీల్లో, ఒకరిద్దరు పనివాళ్లతో నడిచిన వర్క్‌షాపులు దీన్ని పెంచి పెద్ద చేశాయి.

దీని మూలం హవాయి దీవుల్లో ఉంది. ఓఆహు దీవిలోని లాయేలో 1874లో పుట్టిన జోసెఫ్ కెకుకు, విద్యార్థి దశలోనే, 1880ల చివరి కాలంలో, గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని తీగల మీద ఉక్కు ముక్కను జరిపే పద్ధతిని రూపొందించాడని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. మెట్ల మీద వేలితో నొక్కినప్పుడు స్వరం ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు గెంతుతుంది. ఉక్కును జరిపినప్పుడు మధ్యలోని శ్రుతులన్నిటినీ తాకుతూ జారుతుంది. కర్ణాటక సంగీతం వినేవారికి ఈ సూత్రం కొత్త కాదు. మెట్లు లేని దండి మీద కర్ర ముక్కను జరుపుతూ వాయించే గోట్టువాద్యంలో గమకాలు పలికేది ఇలాగే. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ అంతర్జాతీయ ప్రదర్శన తర్వాత హవాయి సంగీతం మోజు అమెరికా అంతటా పాకింది. మేళంలో మిగతా వాద్యాల హోరుకు గిటార్ గొంతు వినిపించని లోటు తీర్చడానికి 1930ల ఆరంభంలో జార్జ్ బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అల్యూమినియంతో పోతపోసిన విద్యుత్ స్టీల్ గిటారును మార్కెట్‌కు తెచ్చారు. వ్యాపారంలో నిలదొక్కుకున్న మొదటి విద్యుత్ గిటార్ అదే.

అయితే ఉక్కు కడ్డీకి ఒక సహజమైన పరిమితి ఉంది. అది తిన్నగా ఉండి తీగలన్నిటినీ ఒకే చోట తాకుతుంది కాబట్టి, ఎక్కడికి జరిపినా తీగల మధ్య ఉన్న స్వరాల దూరం మారదు. పాశ్చాత్య సంగీతానికి ఆధారమైన కార్డ్, అంటే ఒకేసారి పలికే మూడు నాలుగు స్వరాల కూర్పు, పాట నడిచే కొద్దీ మారుతూ ఉండాలి. స్టీల్ గిటారులో ఒక శ్రుతి అమరికకు దక్కే కార్డులు కొన్నే. కొందరు వేర్వేరు శ్రుతుల్లో సరిచేసిన రెండు, మూడు, నాలుగు తీగల వరుసలను ఒకే బల్ల మీద పక్కపక్కన అమర్చుకున్నారు గానీ, ఒక వరుస నుంచి మరో వరుసకు చెయ్యి మారేలోపు నాదం తెగిపోయేది. వాయిస్తూ ఉండగానే కొన్ని తీగల శ్రుతిని మార్చగల యంత్రం ఉంటే బాగుండునన్న ఆలోచన ఈ ఇబ్బందిలోంచే పుట్టింది. జాన్ మూర్ రూపకల్పన ఆధారంగా గిబ్సన్ కంపెనీ 1940 ప్రాంతంలో ఎలక్ట్రాహార్ప్ పేరుతో పెడళ్లున్న వాద్యాన్ని తెచ్చింది, కానీ అది కొద్దిమందికే చేరింది.

అటువంటి యంత్రం ఎంత కష్టసాధ్యమో తెలియాలంటే తీగల భౌతికశాస్త్రాన్ని కొంచెం గమనించాలి. పొడవూ మందమూ మారని తీగలో కంపనాల సంఖ్య దాని బిగువుకు వర్గమూలంగా పెరుగుతుంది. సెకనుకు 247 సార్లు కంపించే బి స్వరపు తీగను రెండు అర్ధస్వరాలు, అంటే పియానోలో పక్కపక్కనున్న రెండు మీటల మేర, పైకి లేపాలంటే కంపనాలు 277కు చేరాలి. ఈ 12 శాతం పెరుగుదల కోసం బిగువు 26 శాతం పెరగాలి. సుమారు 24 అంగుళాల నిడివి గల ఆ తీగ మీద మామూలుగా 10.5 కిలోల బరువు వేలాడదీసినంత బిగువు ఉంటుంది; పెడల్ నొక్కగానే అది 13 కిలోలు దాటాలి, కాలు తీయగానే సరిగ్గా మొదటి చోటికే తిరిగి రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా శ్రోత చెవి పసిగడుతుంది. పది తీగల బిగువూ కలిపితే నూరు కిలోలు దాటుతుంది కాబట్టి, ఒక పెడల్ నొక్కినప్పుడు వాద్యపు ఒళ్లంతా కంటికి కనిపించనంత వంగి, ఆ పెడల్‌తో సంబంధం లేని తీగల శ్రుతి కూడా కాస్త దిగుతుంది. ఈ దోషాన్ని తయారీదారులు క్యాబినెట్ డ్రాప్ అంటారు. దీన్ని తగ్గించడం కోసం ఏ కర్ర వాడాలి, ఎంత మందం ఉంచాలి, ఇరుసును ఎక్కడ బిగించాలి అని జీవితాలు వెచ్చించిన పనివాళ్లున్నారు.

వారిలో ముందుగా చెప్పవలసిన పేరు పాల్ బిగ్స్‌బీ. కాలిఫోర్నియాలోని డౌనీలో సొంత వర్క్‌షాపు నడిపిన ఇతడు వృత్తిరీత్యా ప్యాటర్న్ మేకర్, అంటే లోహం పోతపోయడానికి ముందు కర్రతో నమూనా చెక్కే పనివాడు. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది గనుక ఆ మేర ముందే లెక్కగట్టి నమూనాను పెద్దదిగా చెక్కాలి. కర్రనూ లోహాన్నీ ఒకే చేత్తో అర్థం చేసుకునే వృత్తి ఇది. క్రాకర్ మోటార్ సైకిల్ కంపెనీలో పనిచేసి, మోటార్ సైకిల్ పందేల్లో కూడా పాల్గొన్న బిగ్స్‌బీ, 1948లో స్పీడీ వెస్ట్ అనే వాదకుడి కోసం పెడళ్లున్న స్టీల్ గిటారును తయారు చేశాడు. మచ్చలు మచ్చలుగా మెరిసే మేపుల్ కర్ర ఒళ్లు, తన అచ్చుల్లో పోసిన అల్యూమినియం భాగాలు, ముందువైపు పెద్ద అక్షరాల్లో తన పేరు ఆ వాద్యాల గుర్తులు. ఒక్కొక్కటి ఒక్కొక్క వాదకుడి అవసరాన్ని బట్టి తయారయ్యేది. కావలసినవారు తమ వంతు కోసం చాలాకాలం ఎదురుచూసేవారు.

బిగ్స్‌బీ వాద్యాన్ని తెప్పించుకున్నవారిలో బడ్ ఐజాక్స్ ఒకడు. వెబ్ పియర్స్ పాడిన స్లోలీ అనే పాటలో ఇతడు తీగలు మోగుతూ ఉండగానే పెడల్ నొక్కి, రెండు స్వరాలు పైకి జారుతుంటే మూడోది కదలకుండా నిలిచే నాదాన్ని వినిపించాడు. అంతవరకు పెడల్‌ను వాదకులు ఎక్కువగా శ్రుతి మార్చుకోవడానికే వాడేవారు. ఆ మార్పునే వినదగిన సంగీతంగా చేయవచ్చని చాలామందికి ఈ పాటతోనే తెలిసింది. 1954లో ఆ పాట కంట్రీ జాబితాల్లో మొదటి స్థానానికి చేరాక, దేశమంతటా స్టీల్ వాదకులు తమ పాత వాద్యాలకు ఇనుప కడ్డీలు, కేబుళ్లు తగిలించి ఆ నాదాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించారు. ఈ యంత్రాన్ని తయారు చేసినవారిలో ఎక్కువమంది వాదకులే కావడానికి ఒక కారణం ఇక్కడ కనిపిస్తుంది.

బడ్డీ ఎమన్స్ 1955లో 18 ఏళ్ల వయసులో నాష్‌విల్‌కు వచ్చిన వాదకుడు. ఐజాక్స్ ఒకే పెడల్‌తో రెండు రకాల తీగలను లేపేవాడు; ఆ పనిని రెండు పెడళ్లకు విడదీస్తే ఏ స్వరాన్నైనా విడిగా గానీ, రెండూ కలిపి గానీ కదిలించవచ్చని ఎమన్స్ గ్రహించాడు. చూడడానికి చిన్న మార్పే అయినా, ఈ వాద్యపు వ్యాకరణం దానితోనే స్థిరపడింది. జిమ్మీ డే కూడా అదే విభజన చేశాడు గానీ, పెడళ్ల వరుసను ఎడమ నుంచి కుడికి కాక కుడి నుంచి ఎడమకు పెట్టుకున్నాడు. ఎమన్స్ 1957లో షాట్ జాక్సన్‌తో కలిసి, ఇద్దరి పేర్లలోని ముక్కలు జోడించి, షో-బడ్ సంస్థను జాక్సన్ గ్యారేజీలో ప్రారంభించాడు. 1963లో అక్కడి నుంచి బయటికి వచ్చి, రాన్ లాష్లీతో కలిసి నార్త్ కరొలైనాలోని బర్లింగ్టన్‌లో సొంత పేరుతో మరో సంస్థ పెట్టాడు. అక్కడ తయారైన పుష్-పుల్ యంత్రాంగాన్ని సర్దుబాటు చేయడం కష్టమే అయినా, దాని నాదం కోసం వాదకులు ఆ పాత వాద్యాలను నేటికీ వెతుక్కుంటూనే ఉన్నారు. మోకాలి లీవర్లను ప్రవేశపెట్టిన ఘనతను ఎక్కువమంది జేన్ బెక్‌కు ఇస్తారు; అతడు కూడా వాదకుడే, తయారీదారే. టెక్సస్‌లోని డాలస్‌లో ఎంఎస్ఏ సంస్థను నిలబెట్టిన మారిస్ ఆండర్సన్ సంగతీ అంతే.

బల్లను తిరగేసి చూస్తే ఈ చేతిపని విలువ తెలుస్తుంది. పెడల్ నుంచి ఒక నిలువు కడ్డీ పైకి వెళ్లి, అడ్డంగా అమర్చిన ఇరుసును తిప్పుతుంది. ఇరుసుకు బిగించిన చిన్న లోహపు చెవి ఆ తిరుగుడును నిలువు నుంచి పొడవుకు మళ్లించి, సన్నని లాగుడు కడ్డీని కదిలిస్తుంది. కడ్డీ చివర తీగ ఆనుకుని వంగే అల్యూమినియం ముక్క, దాన్ని ఫింగర్ అంటారు, వెనక్కి తిరిగి తీగను బిగిస్తుంది. కాలు తీయగానే తీగ బిగువే దాన్ని మొదటి చోటికి తెస్తుంది. ఈ ఫింగర్లన్నీ ఒకే ఇరుసు మీద పళ్ల వరుసలా కూర్చున్న భాగం పేరు ఛేంజర్. పక్క పలకలోని రంధ్రాల్లోంచి తొంగిచూసే నైలాన్ నట్లను చిన్న తాళంచెవిలాంటి పనిముట్టుతో తిప్పి, పెడల్ నొక్కినప్పుడు ఏ తీగ ఎంత లేవాలో సరిచేస్తారు. రెండు తీగల వరుసలున్న వాద్యంలో ఇటువంటి కదిలే భాగాలు వందల్లో ఉంటాయి. ఏ ఒక్కటి వదులైనా ఆ దోషం చెవికి అందుతుంది.

పెద్ద కంపెనీలు ఈ రంగంలో ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు కూడా సమాధానం ఇక్కడే ఉంది. ఫెండర్ కంపెనీ 1950ల చివర్లో కేబుళ్లతో పనిచేసే నమూనాలను తెచ్చింది, వాటిని ఇష్టపడిన గొప్ప వాదకులూ ఉన్నారు. కానీ ఆ కంపెనీ తరువాతి కాలంలో ఈ రంగం నుంచి తప్పుకుంది. కొనేవారు తక్కువ, భాగాలు ఎక్కువ. అన్నిటినీ మించి, ఏ ఇద్దరు వాదకులకూ ఒకే అమరిక సరిపోదు. ఏ పెడల్, ఏ లీవర్ ఏ తీగను ఎంత మార్చాలో చూపే పట్టికను వాదకులు కోపెడెంట్ అంటారు. పది తీగలు, మూడు పెడళ్లు, నాలుగు లీవర్లు ఉన్న ఈ-9 అమరిక సర్వసాధారణమే అయినా, ఒకరికి ఎడమ మోకాలితో దిగే స్వరం మరొకరికి కుడి మోకాలితో దిగాలి. మనిషి ఎత్తును బట్టి లీవర్ల స్థానం మారాలి. ఈ మాటలు వినే ఓపిక ఉన్నది చిన్న తయారీదారుకే.

ఆ ఓపికే ఈ వాద్యాన్ని నేటిదాకా బతికించింది. కొలరాడోలోని ఫ్లాగ్లర్ అనే చిన్న ఊరిలో ముల్లెన్, మిస్సోరీలోని మార్ష్‌ఫీల్డ్‌లో ఒకప్పటి ఫెండర్ ఉద్యోగి జీన్ ఫీల్డ్స్ స్థాపించిన జీఎఫ్ఐ, షో-బడ్‌లో పనిచేసి బయటికి వచ్చిన పాల్ ఫ్రాంక్లిన్ సీనియర్ తన పేరుతో చేసిన వాద్యాలు, కొత్తగా నేర్చుకునేవారి కోసం టెక్సస్‌లోని కార్టర్ సంస్థ తెచ్చిన స్టార్టర్ నమూనా, ఇవన్నీ ఆ కోవలోనివే. వీరిలో కొందరు కంప్యూటర్ ఆధారిత యంత్రాలతో లోహాన్ని కోసి భాగాల కచ్చితత్వాన్ని పెంచారు. ఎంఎస్ఏ కర్రకు బదులు కార్బన్ ఫైబర్ ఒంటితో వాద్యం తయారు చేసింది. ఒకరు కనిపెట్టిన మెరుగుదల కొన్నేళ్లలోనే మిగతావారి బల్లల కింద కూడా కనిపించేది. ఈ రంగంలో జ్ఞానం ఎక్కువగా పంచుకోవడం వల్లనే పెరిగింది. వీరి పేర్లు సంగీత చరిత్ర పుస్తకాల్లో వాదకుల పేర్ల పక్కన ఉండవలసినవి.

కంట్రీ సంగీతంలో పెరిగిన ఈ వాద్యం ఆ హద్దుల్లోనే ఉండిపోలేదు. అమెరికాలోని హౌస్ ఆఫ్ గాడ్ చర్చీల్లో నల్లజాతి వాదకులు దీనితో ప్రార్థనా గీతాలకు ఆవేశభరితమైన గొంతు ఇచ్చారు. నైజీరియాలో కింగ్ సన్నీ అడే తన జూజూ సంగీత బృందంలో దీనికి చోటిచ్చాడు.

తయారు చేసినవారు పోయినా ఈ యంత్రాలు పోవడం లేదు. బిగ్స్‌బీ 1968లో మరణించాడు. షో-బడ్ గ్యారేజీ, దాని తరువాత వచ్చిన కర్మాగారం రెండూ మూతపడ్డాయి. ఆ పాత వాద్యాల్లో ఫింగరో, ఇరుసో అరిగిపోయినప్పుడు దానికి సరిపోయే భాగాన్ని కొలిచి, లేత్ మీద తిరిగి తయారు చేసి ఇస్తున్నది కూడా ఒకరిద్దరు పనివాళ్లున్న చిన్న వర్క్‌షాపులే.