అనంతగిరి గట్టు మీద చీలే నీళ్లు

పటాన్‌చెరులో కురిసిన వాన నక్కవాగులో పడి మంజీరకు చేరుతుంది. గండిపేటలో కురిసింది మూసీది. మంజీర గోదావరిలో, మూసీ కృష్ణలో కలుస్తాయి. మా తెల్లాపూర్ ఈ రెండు ఊళ్లకూ నడుమ ఉంది. బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఈ సంగతి పటం మీద చూపిస్తే పిల్లలు తలలూపుతారు, అంతే. అందుకే వానాకాలంలో, పెద్దవాళ్లను తోడు పెట్టుకుని, లింగంపల్లిలో రైలెక్కించి వికారాబాద్ తీసుకెళతాను. అనంతగిరి అక్కడికి అయిదారు కిలోమీటర్లు.

అనంతగిరి గుడి దాటి అడవి బాట పట్టగానే కాళ్ల కింద చిల్లులు పడ్డ ఎర్రరాయి. దక్కన్ నల్లరాయి లక్షల ఏళ్ల ఎండావానలకు మెత్తబడి ఇలా మారింది. వాన నీరు ఆ చిల్లుల్లోంచి దిగుతుంది. అడుగున సుద్ద పొర అడ్డుపడితే పక్కకు ఊరి, గుట్ట అంచున ఊటగా బయటపడుతుంది. వాన వెలిశాక కూడా ఇక్కడి వాగులు పారుతున్నాయంటే ఆ రాయి దాచిపెట్టిన నీళ్లే.

గట్టు మీద ఆగి, రెండు వాలులనూ పిల్లలకు చూపిస్తాను. తూర్పు వాలున పడ్డ చుక్క మూసీ అయి, గండిపేట, హైదరాబాద్ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణను చేరుతుంది. పడమటి వాలుది కాగ్నా. తాండూరు దాటి కర్ణాటకలో భీమలో కలిసి, కృష్ణలోకి వచ్చి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి అదే వాడపల్లికి వస్తుంది. ఇక్కడ విడిపోయిన తోబుట్టువులు అంత దూరం తిరిగి మళ్లీ కలుస్తారన్నమాట! ఇంకాస్త ఉత్తరాన సదాశివపేట వైపు పడ్డ చుక్క మాత్రం మంజీర వెంట కందకుర్తి దగ్గర గోదావరిలో చేరుతుంది. మళ్లీ వీటి ముఖం చూడదు.

1908 మూసీ వరద తర్వాత ఆ నది మీద గండిపేట చెరువు కట్టారు, 1920లో పూర్తయింది. ఆ చెరువునూ హిమాయత్‌సాగర్‌నూ కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. కానీ నీరు పుట్టేది ఇంకా పైన, ఈ అడవుల్లో. వీటిలో ఒకటైన దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ అవసరమే, కాదనను. అయినా నరికే ప్రతి చెట్టుకూ ఊటలతో లెక్క ఉంటుందని నా గట్టి నమ్మకం.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మనవి. నదుల పాఠాన్ని పరీక్షల ముందు కాక, వాగులు పారే రోజుల్లో చెప్పండి. పిల్లలను ఈ గట్టు మీదికి తీసుకురండి.