కంప్యూటరు ఫ్యాను చేయు చప్పుడు

షోలాపురము పూర్వభాగమున మన తెలుగువారి ఇండ్లు పెక్కింట మరమగ్గముల షెడ్డునకు ఆనుకొనియే పిల్లలు చదువుకొను గది ఉండుట సామాన్యము. ఇటీవలి సంవత్సరములలో ఆ గదిలో ఒక మూల కంప్యూటరు కూడ చేరినది. తఱచుగా అది ఏదో కార్యాలయమువారు కొన్నియేండ్లు వాడి తీసివేయగా కొన్న పాత యంత్రమే. ఇంటికి వచ్చిన ఆఱు నెలలకో ఏడాదికో అది హోరుమని మొఱపెట్టుట మొదలిడును. యంత్రము చెడిపోయినదని కొందఱు తల్లిదండ్రులు దిగులు పడుదురు; చప్పుడే గదా, పోనిమ్మని మఱికొందఱు ఊరకుందురు. రెండును తగవు. ఆ చప్పుడు చాలవఱకు లోపలి ఫ్యానులది. అవి యెందులకు అఱచుచున్నవో తెలిసికొన్నచో, పెక్కుసార్లు ఒక మెత్తని బ్రష్షుతోనే పని తీరును; తీరనిచో కొలది వందల రూపాయల ఖర్చుతో తీరును.

మనము సి.పి.యు. అని పిలుచు పెట్టెకు ఆ పేరు నిజమునకు చెల్లదు. ఆ పేరు గలది లోపల మదరుబోర్డుపై అమర్చిన చిన్న బిళ్ళ. దానినే ప్రాసెసరు అనియు అందురు. కార్యాలయపు యంత్రములలోని ప్రాసెసరులు పెక్కు పూర్తి పనిలో ఇంచుమించు 65 వాట్ల వేడిమిని వెలువరించును. వెనుకటి 60 వాట్ల గాజుబుడ్డి వెలుగుచుండగా ముట్టి చూచినవారికి ఆ వేడి యెట్టిదో చెప్పనక్కఱలేదు. ఇక్కడ ఆ వేడి యంతయు బొటనవ్రేలి గోరంత సిలికాన్ ముక్కలో పుట్టును. దానిని పైకి లాగుటకు సన్నని రేకులతో కూడిన అల్యూమినియపు దిమ్మ నొకదానిని పైన బిగింతురు. ఇది హీట్ సింకు. రేకుల నడుమ గాలిని నెట్టి వేడిని వెడలగొట్టునది దానిపైని ఫ్యాను. ఇదిగాక పెట్టె వెనుక భాగమున ఒకటి, విద్యుత్తును మార్చి యిచ్చు పవరు సప్లైలో ఒకటి ఉండును. ఆటలకై ప్రత్యేకముగా గ్రాఫిక్స్ కార్డు వేయించినవారి యంత్రములో ఇంకొకటియో రెండో ఉండును.

యంత్రము తన వేడిని తానే కొలుచుకొని, వేడి పెరిగిన కొలది ఫ్యాను వేగమును పెంచుకొనును. జ్వరము వచ్చినవాని నాడి వేగముగా కొట్టుకొనునట్లే ఇదియును. ఇందొక విశేషమున్నది. ఫ్యాను వేగము రెండింతలైనచో అది తోలు గాలియు రెండింతలే యగును. కాని చప్పుడు ఇంచుమించు 15 డెసిబెలులు పెరుగును. 10 డెసిబెలులు పెరిగినంతనే చెవికి చప్పుడు రెండింతలైనట్లు తోచును గాన, కొంచెము గాలి కొఱకు ఎంత హోరును భరింపవలసి వచ్చునో చూడుడు. గాలికి దారి సుగమము చేసి ఆ వేగమును కొంత తగ్గింపగలిగినను చప్పుడు చాల తగ్గును.

దారిని మూయునది మనయింట నూలుపీచు. ఎండుదుమ్ము కొంత రాలిపోవును. తువ్వాళ్ళ మగ్గములనుండి లేచు పీచు అట్లు కాదు. అది ఒకదానితో నొకటి పెనవైచుకొని, ఫ్యానుకు హీట్ సింకు రేకులకు నడుమ కంబళివలె పొరకట్టును. పైనుండి చూచినచో ఫ్యాను శుభ్రముగనే కనబడును. పొర దాని క్రింద దాగియుండును. మీదుమిక్కిలి మన వేసవి యొకటి. ఫ్యాను గదిలోని గాలినే ఊదును గాని చల్లని గాలిని పుట్టింపజాలదు. గది వేడిమి డిసెంబరులో 25 డిగ్రీలుండి, మే నెలలో 40 డిగ్రీలైనచో, అదే పనికి ప్రాసెసరు వేడియు సుమారు అంతే పైకి జరుగును. చలికాలమున మౌనముగా నున్న యంత్రము ఎండలు ముదిరినంతనే హోరెత్తుట కిదియే కారణము.

మగ్గము చప్పుడు విని అందలి లోపమును చెప్పగల చెవి మన తండ్రుల చెవి. ఆ నేర్పు ఇక్కడను పనికివచ్చును. పని యెక్కువైనపుడు పెరిగి, తగ్గినపుడు తగ్గు నిలుకడయైన హోరు పీచువలనను వేడివలనను కలుగునది. ఏమియు తెఱవకున్నను హోరు తగ్గనిచో, తెలియకుండ నడచుచున్న ప్రోగ్రాము ఏదైన నున్నదేమో టాస్క్ మేనేజరులో చూడవలెను. ఉచితముగా దొరకినవని దింపుకొన్న ఆటలవెంట అట్టివి వచ్చుచుండును. ఉదయము యంత్రమును తెఱవగానే గరగరమని, కొన్ని నిమిషములకు సర్దుకొను చప్పుడు బేరింగులో నూనె యెండిన గుర్తు. టకటకమని ఎడతెగని తాళము ఏదో తీగ రెక్కలకు తగులుటచే వచ్చును. పెట్టె ప్రక్కపలకను అఱచేత నొక్కినపుడు ఆగిపోవు జుమ్మను చప్పుడు మఱ వదులగుటచేతనే. మీట నొక్కిన వెంటనే కొన్ని క్షణములు బిగ్గరగా తిరిగి తగ్గుట దోషము కాదు.

వీనితో పోల్చి పొరబడరాని చప్పుడు మఱియొకటి కలదు. ఉండియుండి టక్కు, టక్కు మని వినబడుచు, ఆ సమయమున తెర కదలక నిలిచిపోయినచో, అది ఫ్యాను కాదు, హార్డు డిస్కు. పిల్లల వ్రాతలు, షెడ్డు లెక్కలు, పెండ్లి ఛాయాచిత్రములు అన్నియు అందే యుండును. ఆ చప్పుడు విన్ననాడు శుభ్రపఱచుట మాట పక్కన బెట్టి, ముఖ్యమైనవానిని ముందుగా పెన్ డ్రైవులోనికి ఎక్కించుకొనవలెను. ఫ్యాను పోయిన క్రొత్తది దొరకును, ఇవి దొరకవు.

పరీక్షల దినములలో ఒక ఇంట జరిగినది చెప్పెదను. కుమారుని చదువునకు చప్పుడు అడ్డము వచ్చుచున్నదని తండ్రి ప్రాసెసరుపై ఫ్యాను తీగను ఊడదీసెను. యంత్రము తెఱచునపుడు ఫ్యాను లోపమని హెచ్చరిక వచ్చినను, మీట నొక్కి ముందునకు సాగిరి. ఇల్లు నిశ్శబ్దమైనది. కాని నేటి ప్రాసెసరులు పెక్కు 100 డిగ్రీల ప్రాంతమునకు చేరగానే తమ్ము తాము కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రము చటుక్కున ఆరిపోవును. బాలుడు రెండు గంటలు కూర్చుండి టైపు చేసిన ప్రాజెక్టు భద్రపఱచుకొనకమునుపే పోయినది. తానే ఏదో తప్పు మీట నొక్కితినని వాడు ఇంట భయపడి చెప్పకుండెనట. తండ్రి ఉద్దేశము మంచిదే. అయినను ఫ్యానును ఆపి చప్పుడు మాన్పుట, ఉడుకుచున్న కుక్కరు వెయిటును అదిమి పట్టుకొనుట వంటిది.

ఇక శుభ్రపఱచు విధము. గోడలోని ప్లగ్గు తీసి, పెట్టె వెనుక తీగలన్నియు విప్పి, పవరు మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టవలెను. మగ్గములకు దూరముగా వాకిటికి తెచ్చి, రెండు మఱలు విప్పినచో ప్రక్కపలక వచ్చును. చేతితో పెట్టె ఇనుమును ముట్టిన తరువాతనే లోపలి వస్తువులను తాకుట మేలు. దేహమందలి స్థిరవిద్యుత్తు అట్లు పోవును. రెక్కలు తిరుగకుండ ఒక వ్రేలితో పట్టుకొని, మెత్తని పొడి బ్రష్షుతో పీచును ఎత్తవలెను. పొర గట్టిగా నున్నచో ఫ్యానును మాత్రము విప్పి, రేకుల నడుమనుండి పట్టకారుతో లాగవచ్చును. షెడ్డులోని కంప్రెసరు గాలిని కొట్టుట మనవారికి సులభముగా తోచును, అది వలదు. ఆ గాలిలో నీటితుంపరయు నూనెయు కలిసి వచ్చును, దాని బలమునకు రెక్కలు మితిమీరి తిరిగి బేరింగు పోవును. హీట్ సింకును ఊరక కదపరాదు. దాని అడుగున థర్మల్ పేస్టు అను పూత యుండును. ఒకమాఱు ఊడదీసినచో పాతది తుడిచి క్రొత్తది పూయక మఱల బిగింపరాదు. శుభ్రపఱచినను వేడి తగ్గని పాత యంత్రములకు ఆ పూత యెండియుండుటయు కద్దు, తెలిసినవానిచే మార్పింపవలెను.

పవరు సప్లై డబ్బాను మాత్రము ఎవ్వరును విప్పరాదు. మోటార్లు విప్పి బిగించుటకు అలవాటుపడిన చేతులకే ఈ మాట మఱీ మఱీ చెప్పుచున్నాను. ఇంటికి వచ్చు 230 వోల్టుల కరెంటు ఆ డబ్బాలోని కెపాసిటరులలో సుమారు 325 వోల్టులుగా నిలువయుండును. ప్లగ్గు తీసిన తరువాతను కొంతసేపు అది పోదు. మోటారు స్విచ్చి కట్టివేసిన ఆగును, ఇది ఆగదు. పైనున్న జాలిని బ్రష్షుతో తుడువుడు. లోపలి ఫ్యాను గరగరలాడినచో డబ్బాను మొత్తముగ మార్పింపుడు.

నూనె యెండిన తక్కిన ఫ్యానులకు నడిమి చీటీ పైకెత్తి, అడుగున రంధ్రమున్నచో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసిన కొంతకాలము నడచును. కొబ్బరినూనె జిగటయై ఇంకను చెఱుపు చేయును. ఎట్లైనను ఇది వాయిదాయే. క్రొత్తది కొనుటయే మేలు. కొనబోవునపుడు పాతదానిని చేత పట్టుకొని పోవలెను. 80, 92, 120 మిల్లీమీటరుల కొలతలలో అవి దొరకును. తీగ చివర రంధ్రములు మూడో నాలుగో చూడవలెను. నాలుగవ తీగ వేగమును అదుపు చేయునది. నాలుగున్నచోట మూడుగలదానిని తగిలించినచో అది ఎల్లప్పుడు పూర్తి వేగముతో తిరుగవచ్చును, చప్పుడు మాన్పబోయి పెంచుకొన్నట్లగును.

పెట్టెను ఉంచు చోటును గూర్చి తల్లులకొక మాట. పీచు పడకుండ కుట్టుపని చేసిన గుడ్డ కప్పుట మంచిదే, యంత్రము ఆపిన తరువాత. నడచుచుండగా కప్పినచో దానికి ఊపిరాడదు. బల్లక్రింది తలుపుల అఱలో పెట్టి మూయుటయు అట్టిదే. నేలపై కాక అడుగు ఎత్తు పీటపై, గోడకు జానెడు దూరమున ఉంచినచో పీచు చాల తగ్గును. మగ్గములున్న ఇండ్లలో మూడు నెలల కొకమాఱు, లేని ఇండ్లలో ఏడాదికి రెండుమాఱులు తుడిచిన చాలును.

ఎనిమిదవ తరగతి దాటిన పిల్లలను ఈ పనికి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మఱలు పోకుండ ఒక గిన్నెలో వేయుటకైన వారు పనికివత్తురు. తుడుచుట ముగిసిన పిమ్మట తీగలన్నిటిని రెక్కలకు దూరముగా కట్టి, పలక మూయకమునుపే యంత్రము నొకమాఱు నడిపి, ఫ్యానులన్నియు తిరుగుచున్నవో లేదో కంటితో చూచుకొనవలెను. ఆ సమయమున వ్రేళ్ళను లోపలికి పోనీయరాదు.