గేరు పడని అంబాసిడర్‌.. లోపం బుష్షుల్లోనే!
పాత కార్ల యజమానులు తెలుసుకోవలసిన విషయాలు

తాడేపల్లిగూడెం: రైలు వస్తోందని లెవెల్‌ క్రాసింగ్‌ వద్ద గంట మోగుతోంది. వెనుక లారీ ఆగకుండా హారను కొడుతోంది. పట్టాలకు కొద్ది అడుగుల ముందు నిలిచిన తెల్లని అంబాసిడర్‌ మాత్రం ముందుకూ కదలదు, వెనక్కూ రాదు. లోపలున్న విశ్రాంత ఉపాధ్యాయుడు గేరు లివరును ఎటు తిప్పినా పిండిలో గరిటె తిప్పినట్లే ఉంది. చివరకు నలుగురు కూలీలు దిగి కారును వెనక్కు నెట్టారు. గేటు పడింది, రైలు వెళ్లింది, ప్రమాదం తప్పింది.

ఆ కారు 1986లో ఆయన తండ్రి కొన్నది. మరుసటి రోజు చూసిన మెకానిక్‌ గేరుబాక్సు దించి విప్పవలసిందేనన్నాడు. అయ్యే ఖర్చు విన్న కుటుంబ సభ్యులు బండిని పాత ఇనుము వ్యాపారికి ఇచ్చివేద్దామన్నారు. ఇంతలో అంబాసిడర్లపైనే చేయి తిరిగిన ఒక వృద్ధ మెకానిక్‌ వచ్చి బానెట్‌ ఎత్తి చూశారు. గేరుబాక్సు జోలికి వెళ్లలేదు. అరిగిన బుష్షులను, రెండు పిన్నులను మార్చి, ఒక రాడ్డు పొడవును సరిచేశారు. పూట తిరిగేసరికి నాలుగు గేర్లూ, రివర్సూ పడ్డాయి. జిల్లాలో పాత కార్లను నేటికీ కాపాడుకుంటున్న వారిలో పలువురికి ఎదురయ్యే సమస్య ఇదే.

లివరు ఒకచోట.. గేర్లు మరోచోట

ఇంగ్లండుకు చెందిన మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ సిరీస్‌-3 నమూనా ఆధారంగా రూపొందిన అంబాసిడర్‌ 1950ల చివరి నుంచి 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో తయారైంది. పాత 1489 సీసీ పెట్రోలు బండ్లలో గేరు లివరు నేలపై గాక స్టీరింగు పక్కన ఉంటుంది. గేరుబాక్సు మాత్రం ఇంజినుకు వెనుక, కారు అడుగున ఉంటుంది. ఆ రెండింటినీ కలిపేవి స్టీరింగు స్తంభం వెంట దిగే ఒక షాఫ్టు, దాని కింది భాగాన ఉండే ఆర్ములు, అక్కడి నుంచి గేరుబాక్సుకు వెళ్లే లింకు రాడ్లు.

లివరుకు రెండు కదలికలు ఉంటాయి. తనవైపు లాగడం, అవతలికి నెట్టడం ద్వారా ఏ జత గేర్లు కావాలో డ్రైవరు ఎంచుకుంటాడు. పైకి, కిందికి తిప్పడం ద్వారా ఆ జతలో ఒక గేరును వేస్తాడు. ఈ రెండు కదలికలూ వేర్వేరు లింకుల ద్వారా గేరుబాక్సుకు చేరతాయి. ఒక లింకు వదులైతే గేరు ‘వెతుక్కోవలసి’ వస్తుంది. మరొకటి వదులైతే గేరు సగమే పడి జారిపోతుంది.

కొంచెం కొంచెం కలిసి..

ప్రతి కీలు వద్దా రబ్బరు, నైలాన్‌ లేదా ఇత్తడి బుష్షు, దానిలో తిరిగే పిన్ను ఉంటాయి. దుమ్ము, ఇంజిను వేడి, గ్రీజు లేమి కారణంగా ఇవి ఏళ్ల తరబడి అరుగుతాయి. ఒక్కో కీలులో వచ్చే సందు కంటికి ఆనదు. ఉదాహరణకు ఐదు కీళ్లలో అరమిల్లీమీటరు చొప్పున సందు ఏర్పడితే మొత్తం రెండున్నర మిల్లీమీటర్లు అవుతుంది. లివరు పొడవు వల్ల అదే సందు చేతి వద్ద ఆరు రెట్లుగా కనిపిస్తుందనుకుంటే, పిడి ఒకటిన్నర సెంటీమీటర్లు ఊరికే ఊగుతుంది. ఏ ఒక్క భాగమూ పూర్తిగా చెడకుండానే గేరు పడకపోవడానికి కారణం ఇదే.

ముందుగా పరీక్ష.. తరువాతే పని

బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజిను ఆపి, చక్రాలకు ముందు వెనుక దిమ్మలు పెట్టాలి. కారు కిందికి వెళ్లవలసి వస్తే జాకీని మాత్రమే నమ్మరాదు. గట్టి స్టాండ్లు తప్పనిసరి.

ఒకరు లోపల కూర్చుని లివరును నెమ్మదిగా కదపాలి. మరొకరు బానెట్‌ ఎత్తి, స్టీరింగు స్తంభం అడుగున ఉన్న ఆర్ములను గమనించాలి. లివరు కదిలిన తరువాత ఆర్ము ఆలస్యంగా కదిలితే లోపం పైభాగంలో ఉన్నట్లు. ఆర్ము కదిలినా రాడ్డు వెంటనే కదలకపోతే ఆ కీలులోని బుష్షు అరిగినట్లు. గేరుబాక్సు వద్దనున్న ఆర్ము చివరి వరకు సక్రమంగా కదులుతున్నా గేరు పడకపోతేనే లోపం గేరుబాక్సు లోపల ఉందని అనుమానించాలి.

క్లచ్చును మరవరాదు. ఇంజిను ఆపినప్పుడు అన్ని గేర్లూ సులువుగా పడి, ఇంజిను నడుస్తుండగా మొరాయిస్తే అది లింకుల దోషం కాదు. క్లచ్చు పూర్తిగా విడవడం లేదని అర్థం. పెడల్‌ ఆటను సరిచూసుకోవాలి. ఆయిలుతో పనిచేసే రకమైతే ఆయిలు మట్టాన్ని, లీకులను కూడా చూడాలి.

మూడవది ఇంజిను, గేరుబాక్సుల కింద ఉండే రబ్బరు మౌంటింగులు. లివరు కారు బాడీకి అమరి ఉంటుంది. గేరుబాక్సు ఇంజినుతో పాటు ఊగుతుంది. మౌంటింగు కుంగితే రెండింటి మధ్య దూరం మారి, నిన్నటి వరకు సరిగా పడిన గేరు నేడు పడదు. క్లచ్చు వదిలినప్పుడు ఇంజిను ఎగిరిపడుతుంటే ముందుగా మౌంటింగులనే మార్చాలి. అవి కుంగి ఉండగా లింకులను సరిచేయడం వృథా.

సరిచేసే విధానం

అరిగిన బుష్షులన్నింటినీ ఒకేసారి మార్చడం మేలు. పిన్ను అరిగి ఉంటే కొత్త బుష్షు వేసినా సందు మిగులుతుంది కనుక పిన్నును కూడా మార్చాలి. ఆర్ములోని రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతే లేత్‌ పనివారి వద్ద రంధ్రాన్ని పెద్దది చేయించి, సరైన కొలతకు బుష్షు బిగించుకోవచ్చు. లేదా వెల్డింగుతో నింపి తిరిగి రంధ్రం చేయించవచ్చు. స్ప్లిట్‌ పిన్నులు, స్ప్రింగు వాషర్లు పాతవి మళ్లీ వాడరాదు. లోహపు కీళ్లకు గ్రీజు పట్టించాలి.

తరువాతి పని సర్దుబాటు. చాలామంది తొందరపడి తప్పు చేసేది ఇక్కడే. గేరుబాక్సును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండు బ్రేకు విడిచి, కారు నెడితే కదులుతోందో లేదో చూసి నిర్ధారించుకోవాలి. మళ్లీ బ్రేకు వేసి, లివరును కూడా న్యూట్రల్‌లో నిలపాలి. ఈ స్థితిలో లింకు రాడ్డు చివరను విప్పితే, పిన్ను ఏ బలవంతమూ లేకుండా దానంతటదే రంధ్రంలోకి జారాలి. జారకపోతే మర ఉన్న చివరను తిప్పి రాడ్డు పొడవును సరిచేసి, లాకు నట్టు బిగించాలి. ఇంజిను ఆపి ఉండగానే అన్ని గేర్లనూ, రివర్సునూ పలుమార్లు వేసి చూసిన తరువాతే బండిని రోడ్డెక్కించాలి.

ఇవి చేయరాదు

సందు నింపడానికి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టడం, కీలును తీగతో కట్టడం కొన్ని షెడ్లలో నేటికీ కనిపిస్తుంది. ఇవి కొద్ది రోజులు పనిచేసి, సరిగ్గా అవసరమైన చోట చేయిస్తాయి. గేరు పడలేదని రాడ్డును వంచితే ఆపై ఏ సర్దుబాటుకూ లొంగదు. లివరును బలవంతంగా లాగితే బయటి లోపం లోపలికి పాకి, గేరుబాక్సుకే చేటు తెస్తుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం న్యూట్రల్‌ విషయంలో ఉంది. వదులైన లివరు న్యూట్రల్‌లో ఉన్నట్లు కనిపించినా లోపల గేరు పడి ఉండవచ్చు. ఆ స్థితిలో స్టార్టు చేస్తే కారు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మరమ్మతు పూర్తయ్యే వరకు క్లచ్చు తొక్కకుండా స్టార్టు చేయరాదు. కారు ముందు ఎవరినీ నిలబడనీయరాదు.

గేరుబాక్సు విప్పవలసింది ఎప్పుడు?

లింకులు, క్లచ్చు, మౌంటింగులు సక్రమంగా ఉన్నా ఒకే గేరు పదేపదే జారిపోతుంటే, రెండో గేరులోకి మార్చిన ప్రతిసారీ గరగర శబ్దం వస్తుంటే లోపలి భాగాలు అరిగినట్లే. అప్పుడు విప్పక తప్పదు. అయితే ఈ నాలుగు గేర్ల పెట్టెలో మొదటి గేరుకు సింక్రోమెష్‌ లేదు. బండి కదులుతుండగా దానిలోకి దింపితే శబ్దం రావడం నిర్మాణ లక్షణమే గాని లోపం కాదు. పూర్తిగా ఆగిన తరువాతే మొదటి గేరు వేయాలి.

గేరు ఆయిలు మట్టం తగ్గినా గేర్లు బిగుతుగా పడతాయి. తయారీదారు పుస్తకంలో సూచించిన రకాన్నే పోయాలి. జీఎల్‌-5 రకం ఆయిళ్లు కొన్ని పాత పెట్టెల్లోని ఇత్తడి సింక్రో రింగులకు హాని చేయగలవు.

కాగితాలూ ముఖ్యమే

సొంత కార్ల రిజిస్ట్రేషన్‌ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై తనిఖీ చేయించుకుని ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. గేరు పడని బండిని తనిఖీకి తీసుకువెళ్లి ప్రయోజనం లేదు. 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని కార్లను ‘వింటేజ్‌’గా నమోదు చేసుకునేందుకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అలా నమోదైన వాటిని వ్యాపారానికి గాని, నిత్య ప్రయాణాలకు గాని వాడరాదు.

విశ్రాంత ఉపాధ్యాయుని కారు ఇప్పుడు ఆదివారం సంతకు, పండుగలకు మనుమలను తీసుకువెళుతోంది. మార్చిన పాత బుష్షులను ఆయన పారవేయలేదు. ఒక డబ్బాలో వేసి డ్యాష్‌బోర్డు అరలో ఉంచారు. ఎవరైనా గేరుబాక్సు విప్పాలని అంటే ముందుగా వీటిని చూపిస్తానని నవ్వుతూ చెబుతున్నారు.