టీ హోటల్ బల్ల – కూలివాని హక్కు

ఊరి టీ హోటల్ అంటే నాలుగు గుక్కల వేడినీళ్ళు అమ్మే చోటు అనుకుంటే అది సగం మాటే. ఖమ్మం మైదానం అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే పల్లెల్లో కూలి జనానికి అదే కచేరీ, అదే పత్రిక చదివే చోటు, అదే అడ్డా. మిరపకాయలు ఏరే కాలంలో రేపు ఎవరి చేలోకి ఎంతమంది పోవాలి, ఏం కూలి అన్న మాట తేలేది ఈ బల్లల దగ్గరే. ఎండాకాలం తునికాకు కల్లం తెరిచే ముందు, యాభై ఆకుల కట్టకు రేటెంత పెంచాలి అన్న వాదన నడిచేదీ ఇక్కడే.

ఈ అలవాటు మరీ పాతదేం కాదు. మన తాతలకు పొద్దున్నే అంబలో, జావో ఉంటే చాలు. 1930ల నాటి మాంద్యంలో సరుకు అమ్ముడుపోక, తేయాకు తోటల యజమానులు దేశమంతటా ప్రచారం చేయించి జనానికి టీ మప్పారు. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోది. అంతకు ముందు మద్రాసు రాజధానిలో భాగం. ఇవతలి ఒడ్డున పాల్వంచ, బూర్గంపాడు నైజాం ఏలుబడి. మద్రాసు ఇలాకాలో కాఫీ హోటలు, నైజాం ఇలాకాలో చాయ్ హోటలు. కాఫీ అయినా, చాయ్ అయినా అంటరానివాడన్న ముద్ర పడ్డ కూలీకి దక్కిన మర్యాద ఒక్కటే: గడప బయట!

అదే రెండు గ్లాసుల పద్ధతి. దళితుడికి చూరులో వేరే గ్లాసు. తాగినవాడే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. బల్ల మీద కూర్చోరాదు. ఇది ఒట్టి అవమానమేనా? కాదు. కూలి మాట్లాడే చోట కూర్చునే హక్కు లేనివాడికి బేరమాడే హక్కు ఎక్కడిది? లోపల కూర్చున్న కూలీ, బయట గొంతుక్కూర్చున్న కూలీ వేరు వేరన్నంత కాలం లాభం ఎవరికి? ఇద్దరికీ తక్కువ కూలి ఇచ్చే ఆసామికి!

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటల్లో అందరికీ పెట్టిన పాత్రలు వాడనివ్వకపోవడం నేరమని 1955 నాటి పౌరహక్కుల చట్టం చెప్పింది. అయినా 1990ల్లోనూ ఊళ్ళల్లో రెండు గ్లాసులు బతికే ఉన్నాయి. 1998లో ఏర్పడిన కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం కార్యకర్తలు ఊరూరా తిరిగి, హోటళ్ళలోకి జనంతో కలిసి నడిచి, ఆ గ్లాసులు తీయించారు. చట్టం తనంతట తాను పల్లెకు నడిచి రాలేదు. జనమే దాన్ని నడిపించుకొచ్చారు.

ఇప్పుడు కాగితం కప్పులొచ్చాయి కదా, ఇంకా గొడవెందుకు అంటారు కొందరు. నిజమే, కప్పు తాగి పారేస్తే కడిగే పని లేదు. కానీ కొందరికి స్టీలు గ్లాసు, కొందరికే కాగితం కప్పు ఇస్తే ఏమనాలి? బల్ల మీద ఎవరు, బల్ల కింద ఎవరు అన్నదే మనం చూడాల్సింది. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం పాత్రల దగ్గర ఇలా అడ్డుపడితే ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ దాకా జైలు. ప్రాథమిక విచారణ పేరుతో కేసు నమోదు ఆపడానికీ వీల్లేదు. కార్యకర్తలు ఈ రెండు మాటలూ నోటికి నేర్చుకోవాలి.

కోయగూడేల్లో చూడండి. తాటిచెట్టు కింద కల్లు తాగేటప్పుడు పెద్దకైనా, పిల్లగాడికైనా ఆకు దొప్పే. ఎక్కువ తక్కువలు లేవు. ఇంకో సంగతి. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేస్తే రోడ్డున పడ్డ కార్మికులు ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలు పెట్టుకున్నారు. ఇండియన్ కాఫీ హౌసులు తామే నడిపారు. కాఫీ కాచే చెయ్యి, కూలి చేసే చెయ్యి ఒకటేనని వాళ్ళు రుజువు చేశారు.

కాబట్టి కూలి సంఘాలవాళ్ళకు మేం చెప్పేది ఇదే. మిరప కోతలకు, తునికాకుకు ముందు సంఘం మీటింగు టీ హోటల్ బల్ల దగ్గరే పెట్టండి. మాల, మాదిగ, కోయ, బీసీ కూలీలంతా ఒక్క బల్ల మీద కూర్చోండి. ఒకే రకం గ్లాసులో టీ తాగండి. ఆ తర్వాత కూలి రేటు అడగండి. అప్పుడు ఆసామి ఒక్కొక్కణ్ణి విడదీసి బేరమాడలేడు.