హీరోక్వెస్ట్ పునరుద్ధరణ

హీరోక్వెస్ట్ అనేది 1989లో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ, ఇంగ్లండుకు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ సహకారంతో విడుదల చేసిన బోర్డు ఆట. దీని రూపకర్త స్టీఫెన్ బేకర్. చీకటి నేలమాళిగలో నలుగురు వీరులు రాక్షసులతో పోరాడే కథ ఇది. బోర్డు, పాచికలు, చీట్లతో పాటు ఇందులో 35 చిన్న ప్లాస్టిక్ బొమ్మలు ఉండేవి. 1990వ దశకంలోనే దీని తయారీ ఆగిపోయింది. సుమారు పాతికేళ్ల విరామం తర్వాత, 2020లో హాస్‌బ్రో సంస్థ దీనిని మళ్లీ తీసుకువస్తున్నట్లు ప్రకటించింది. ఆట తిరిగి వచ్చినందుకు అభిమానులు సంతోషించారు. అయితే వచ్చినది తాము చిన్ననాడు ఆడిన ఆటేనా అన్న ప్రశ్నపై వారిలో వారికే వాదం మొదలైంది. ఈ వాదం అర్థం కావాలంటే ఆట తీరు, దాని హక్కుల చరిత్ర రెండూ తెలియాలి.

ఆట విధానం

మన పులిజూదంలో పులులకు ఒక నీతి, మేకలకు మరొక నీతి ఉన్నట్లే హీరోక్వెస్ట్‌లో కూడా రెండు పక్షాలు సమానం కావు. ఒక ఆటగాడు దుష్ట మాంత్రికుని పాత్ర వహిస్తాడు. మిగిలినవారు బర్బరుడు, మరుగుజ్జు, ఎల్ఫ్, మాంత్రికుడు అనే నలుగురు వీరులను నడుపుతారు. ఎల్ఫ్ అంటే ఐరోపా జానపద కథలలోని అడవి జాతి మనిషి. దుష్ట మాంత్రికుని వద్ద ఒక పుస్తకం ఉంటుంది. అందులో 14 సాహసాలు, ఒక్కొక్కదానికి ఒక పటం ఉంటాయి. ఆ పటాన్ని అతడు తప్ప ఇతరులు చూడరాదు. వీరులు తలుపు తెరిచినప్పుడు మాత్రమే ఆ గదిలో ఏమున్నదో చూసి, బల్లలు, పెట్టెలు, సమాధులు, రాక్షసుల బొమ్మలు బోర్డుపై పెడతాడు. తలుపు వెనుక ఏమున్నదో తెలియని ఆ క్షణమే ఈ ఆటకు ప్రాణం. చదరంగంలో బలగం అంతా మొదటినుండి కళ్లముందే ఉంటుంది, ఇందులో అలా ఉండదు.

వీరులు రెండు మామూలు పాచికలు వేసి, వచ్చిన సంఖ్యకు మించకుండా గడులు నడుస్తారు. సగటున ఏడు గడులు. రాక్షసులకు మాత్రం పాచికలు లేవు, ఒక్కొక్క జాతికి ఇన్ని గడులని ముందే నిర్ణయించబడి ఉంటుంది. పోరాటానికి వేరే పాచికలు ఉన్నాయి. వాటి ఆరు ముఖాలలో మూడింటిపై పుర్రె, రెండింటిపై తెల్ల డాలు, ఒకదానిపై నల్ల డాలు ముద్రించి ఉంటాయి. కొట్టేవానికి పుర్రె పడితే దెబ్బ. కాచుకునేవాడు వీరుడైతే తెల్ల డాలు, రాక్షసుడైతే నల్ల డాలు పడాలి. అంటే ఒక్కొక్క పాచికపై దెబ్బ పడే అవకాశం రెండింట ఒకటి, వీరుడు తప్పించుకునే అవకాశం మూడింట ఒకటి, రాక్షసుడు తప్పించుకునే అవకాశం ఆరింట ఒకటి. లెక్క ఎవరికీ చెప్పకుండానే వీరుల వైపు మొగ్గు చూపే ఈ ఏర్పాటు పదేళ్ల పిల్లలకు కూడా ఒక్క ఆటలోనే అర్థమవుతుంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత పని చేయించిన ఆటలు తక్కువ.

బర్బరుడు దాడికి మూడు పాచికలు వేస్తాడు, అతనికి ఎనిమిది దేహబలం. మాంత్రికునికి ఒక్క పాచిక, నాలుగే దేహబలం. కాని అతని వద్ద మంత్రాలు ఉంటాయి. గాలి, నిప్పు, నేల, నీరు అనే నాలుగు వర్గాలకు మూడేసి చొప్పున మొత్తం 12 మంత్రాలు కలవు. వాటిలో మూడు వర్గాలు మాంత్రికునికి, ఒకటి ఎల్ఫ్‌కు చెందుతాయి. దొరికిన బంగారంతో వీరులు సాహసానికి, సాహసానికి మధ్య ఆయుధాలు కొనుక్కోవచ్చు.

రెండు ఖండాలు, రెండు ఆటలు

తరువాతి వాదానికి బీజం మొదటి కాలంలోనే పడింది. ఐరోపాలో 1989లో వెలువడిన ప్రతికి, 1990లో ఉత్తర అమెరికాలో వెలువడిన ప్రతికి తేడాలు ఉన్నాయి. ఐరోపా ప్రతిలో దుష్ట మాంత్రికుని పేరు మోర్కార్, అమెరికా ప్రతిలో జార్గాన్. పేరు మారితే నష్టం లేదు గాని, నియమాలు కూడా మారాయి. ఐరోపా ప్రతిలో ఏ రాక్షసుడైనా ఒక్క దెబ్బ తగిలితే చాలు, చచ్చినట్లే. అమెరికా ప్రతిలో మమ్మీకి రెండు, కవచధారులైన కేయాస్ యోధులకు మూడు దేహబలం ఇచ్చారు. దీనివల్ల అమెరికా ఆట కొంత కఠినంగా, నెమ్మదిగా సాగుతుంది.

అనుబంధాల విషయంలోనూ ఇదే జరిగింది. కెల్లర్స్ కీప్, రిటర్న్ ఆఫ్ ది విచ్ లార్డ్ అనే రెండు పెట్టెలు రెండు చోట్లా వచ్చాయి. ఓగర్లపై పోరాటం, మోర్కార్ మాంత్రికులు ఇతివృత్తాలుగా గల మరి రెండు ఐరోపాలో మాత్రమే అమ్మారు. ఫ్రోజెన్ హారర్, మేజ్ ఆఫ్ ది మిర్రర్ అనేవి 1992లో ఉత్తర అమెరికాకే పరిమితమైనాయి. కనుక హీరోక్వెస్ట్ అనగానే లండను అభిమానికి, న్యూయార్కు అభిమానికి స్ఫురించేది ఒకే ఆట కాదు.

పేరు ఒకరిది, బొమ్మలు ఒకరివి

ఆట ఇన్నేళ్లు మూతపడి ఉండటానికి ఆదరణ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. హక్కులు ముక్కలైనాయి. మిల్టన్ బ్రాడ్లీని హాస్‌బ్రో 1984లోనే కొన్నందున ఆట నియమాలు హాస్‌బ్రో చేతిలో ఉన్నాయి. కేయాస్ యోధులు, ఒంటికన్ను ఫిమిర్ల వంటి పాత్రలు గేమ్స్ వర్క్‌షాప్ వారి వార్‌హామర్ ప్రపంచానికి చెందినవి. ఇక హీరోక్వెస్ట్ అన్న పేరు అమెరికాలో మూడవవారికి చేరింది. గ్రెగ్ స్టాఫర్డ్ సృష్టించిన గ్లోరాంథా అనే కల్పిత లోకం ఆధారంగా 2003లో హీరోక్వెస్ట్ అన్న పేరుతోనే ఒక పాత్రాభినయ ఆట పుస్తకం వెలువడింది. ఆ ట్రేడ్‌మార్కు తరువాత మూన్ డిజైన్ సంస్థకు దక్కింది.

ఈ చిక్కు ఎంతటిదో 2013లో తెలిసింది. గేమ్‌జోన్ అనే స్పెయిన్ సంస్థ 25వ వార్షికోత్సవ ప్రతి తయారు చేస్తామని కిక్‌స్టార్టర్ ద్వారా ప్రజల నుండి సొమ్ము సేకరించ బూనింది. పేరు హక్కుపై అభ్యంతరం రావడంతో అది అక్కడ ఆగిపోయి, స్పెయిన్‌లోని మరొక వేదికకు మారింది. అభిమానులు పెద్ద మొత్తమే చెల్లించారు. కాని పెట్టెలు చెప్పిన కాలానికి అందలేదు, నిరీక్షణ ఏళ్లకు ఏళ్లు సాగింది. తరువాత ఎవరు పునరుద్ధరణ మాట ఎత్తినా పాత అభిమానులు ముందుగా సందేహించడానికి ఈ అనుభవం ఒక కారణం.

2020 ప్రకటన

2020లో మూన్ డిజైన్ వారి నుండి హాస్‌బ్రో పేరును తిరిగి పొందింది. గ్లోరాంథా ఆట నియమాలకు క్వెస్ట్‌వరల్డ్స్ అని పేరు మార్చారు. అదే ఏడాది సెప్టెంబరులో హాస్‌బ్రో తన అవలాన్ హిల్ శాఖ పేరిట కొత్త హీరోక్వెస్ట్‌కు ముందస్తు చెల్లింపులు ఆహ్వానించింది. 10 లక్షల డాలర్లు వస్తేనే తయారు చేస్తామన్నది షరతు. ఆ మొత్తం ఒకటి రెండు రోజులలోనే సమకూడింది. గడువు ముగిసేసరికి 30 లక్షలు దాటింది. పెట్టెలు 2021 చివర కొనుగోలుదారులకు చేరాయి, తరువాత దుకాణాలకు కూడా వచ్చాయి.

అభిమానుల వాదాలు

మొదటి ఫిర్యాదు ఆట గురించి కాదు, అమ్మకం గురించి. ముందస్తు చెల్లింపుల అవకాశం మొదట అమెరికా, కెనడా వాసులకే ఇచ్చారు. ఆట పుట్టింది ఇంగ్లండులో, ఎక్కువగా ఆదరించిన ప్రాంతాలలో ఐరోపా ఒకటి. అక్కడివారు దీనిని అవమానంగానే భావించారు. ధర కూడా రెండు మెట్లుగా, సుమారు 100 డాలర్లు, 150 డాలర్లుగా నిర్ణయించారు. పై మెట్టు వారికి పాత అనుబంధాలు రెండూ, మరికొన్ని ప్రత్యేక బొమ్మలు ఇచ్చారు. తొందరపడి కొననివారు నష్టపోయే ఈ పద్ధతిని చాలామంది తప్పుపట్టారు. ముందుగా సొమ్ము పెట్టినవారికి ఏదో ఒక ప్రత్యేకత ఉండాలి కదా అన్నది రెండవ పక్షం సమాధానం.

రెండవ వాదం పాత్రల మార్పుపై వచ్చింది. వార్‌హామర్ పేర్లు వాడుకునే వీలు లేనందున కేయాస్ యోధులు డ్రెడ్ యోధులైనారు. ఫిమిర్లు మాయమై వాటి స్థానంలో అబామినేషన్ అనే కొత్త వికృత జీవులు వచ్చాయి. బొమ్మలన్నీ కొత్తగా చెక్కినవే. వీరులు నలుగురు, రాక్షసులు 31 అన్న పాత లెక్క మాత్రం మారలేదు. పాత వస్తువు మీది మమకారం ఉన్నవారికి ఫిమిర్ లేని హీరోక్వెస్ట్ అసంపూర్ణం. పాచికలు, తలుపులు, రహస్య పటం ఉన్నంతవరకు ఆట అదే అన్నది ఇతరుల మాట. వాదనగా చూస్తే రెండవదే బలమైనది. మూడు నల్ల డాళ్ల పాచికలు వేసే బొమ్మ తల ఏ ఆకారంలో ఉన్నా ఆట మారదు. అయితే 1989లో పదేళ్ల వయసున్నవారు 2020 నాటికి నలభై దాటారు. వారు కొనదలచినది నియమాలను మాత్రమే కాదు, తాము చిన్నప్పుడు చేతపట్టిన ఆ బొమ్మను తమ పిల్లల చేతిలో పెట్టాలన్నది వారి కోరిక. దానికి తర్కంతో సమాధానం దొరకదు.

నియమాల విషయంలో హాస్‌బ్రో అమెరికా ప్రతిని ప్రమాణంగా తీసుకున్నది. జార్గాన్ నిలిచాడు, మోర్కార్ పోయాడు. రాక్షసుల అదనపు దేహబలం కూడా నిలిచింది. ఐరోపా అభిమానులలో కొందరు కొత్త పెట్టె కొని, అందరికీ ఒకే దేహబలం అన్న తమ పాత నియమంతోనే ఆడతారు. ఎవరినీ అడగకుండా నియమం మార్చుకోవచ్చు గనుక ఇది తేలికగా సర్దుబాటైన వాదం. నడకకు పాచికలు వేయడం వల్ల ఒకటీ ఒకటీ పడి వీరుడు రెండు గడులకే చతికిలబడే పాత చిక్కును సరిదిద్దలేదన్న విమర్శ కూడా ఉన్నది.

దుష్ట మాంత్రికుని పాత్రను తానే నడిపే ఉచిత యాప్‌ను కూడా సంస్థ విడుదల చేసింది. నలుగురూ వీరులుగానే ఆడవచ్చు, ఒంటరిగా కూడా ఆడవచ్చు. ఇది మేలని చిన్న కుటుంబాల వారు అన్నారు. తలుపు తెరవగానే బొమ్మలు పెడుతూ ముసిముసిగా నవ్వే ఎదుటి మనిషి లేకపోతే ఆటలో సగం పోయినట్లేనని పాతవారు అన్నారు.

తరువాతి పరిణామాలు

స్టీఫెన్ బేకరే రూపకర్తలలో ఒకడైన హీరోస్కేప్ అనే మరొక పాత ఆటను 2022లో ఇదే పద్ధతిలో తేవాలని హాస్‌బ్రో ప్రయత్నించింది. సుమారు 250 డాలర్ల చొప్పున ఎనిమిది వేల ముందస్తు కొనుగోళ్లు కావాలన్నారు, అన్ని రాలేదు. ఆ ఆటను తరువాత రెనిగేడ్ సంస్థ అనుమతి పొంది 2024లో విడుదల చేసింది.

హీరోక్వెస్ట్ మాత్రం కొనసాగింది. ఫ్రోజెన్ హారర్ 2022లోను, మేజ్ ఆఫ్ ది మిర్రర్ 2023లోను తిరిగి వచ్చాయి. రైజ్ ఆఫ్ ది డ్రెడ్ మూన్ వంటి పూర్తిగా కొత్త అనుబంధాలు కూడా చేరాయి. ఒకప్పుడు ఐరోపాకే పరిమితమైన ఓగర్ల అనుబంధం 2024లో మొదటిసారిగా అమెరికా వారికి లభించింది. అదే సంవత్సరం ఫస్ట్ లైట్ అనే చవక ప్రతి వెలువడింది. ఇందులో రాక్షసులకు ప్లాస్టిక్ బొమ్మల బదులు నిలబెట్టే అట్టముక్కలు ఇచ్చారు. బొమ్మలు లేని హీరోక్వెస్ట్‌ను హీరోక్వెస్ట్ అనవచ్చునా అని దీనిపై మళ్లీ వాదం మొదలైంది.