తలక్రిందులైన మాట

రాత్రివేళ శంషాబాదు పరిసర గ్రామములలో పాత ట్రాన్సిస్టరును షార్ట్‌వేవ్ మీద మెల్లగా త్రిప్పుచు పోవువారికి, పాటల నడుమ, వార్తల నడుమ, మనుష్యకంఠమే యైనను ఒక్క ముక్కయు అర్థముకాని, బాతుకూతను బోలిన వింతధ్వని యొకటి అప్పుడప్పుడు తగులుచుండును. ఎవరో గుట్టుగా మాటాడుకొనుచున్నారని అనుమానించుట సహజమే.

అట్టి గుప్తభాషణము లోకమున లేకపోలేదు. మన మాటలో టెలిఫోనునకు కావలసిన భాగము సుమారు 300 మొదలు 3000 హెర్ట్జుల వరకు వ్యాపించియుండును. దానిని 3300 హెర్ట్జుల సంకేతముతో మేళవించి భేదమును మాత్రము గ్రహించినచో, 300 ఉన్నచోట 3000, 3000 ఉన్నచోట 300 నిలిచి, మంద్రము తారమై, తారము మంద్రమై, స, శ వంటి ఊష్మాక్షరముల బుస అడుగునకు దిగి, అచ్చుల నిండుదనము కీచుగొంతై పైకెగయును. అవతలివారు అదే 3300తో మరల మేళవించినంతనే మాట యథాస్థితికి వచ్చును. కాని లయయు, ఊనికయు, విరామములును చెక్కుచెదరవు గనుక, అలవాటుపడిన చెవి యంత్రసాహాయ్యము లేకయే కొన్ని పదములను పట్టగలదు.

ఇంతకంటె జటిలమైన పద్ధతికిని రక్షణ దక్కలేదు. రెండవ ప్రపంచయుద్ధమున రూజ్‌వెల్టు, చర్చిలుల సంభాషణలను అట్లాంటికు మీదుగా కొనిపోయిన ఎ-3 యంత్రము కంఠధ్వనిని ఐదు ఖండములుగా చీల్చి తారుమారు చేసెడిది. జర్మను తపాలాశాఖ ఇంజనీర్లు హాలండులో కూర్చుండి దానిని విప్పి ఆలకించిరి. 1943లో సిగ్‌సాలీ యను అంకెలపద్ధతి వచ్చినపిదప గాని ఆ మార్గము భద్రము కాలేదు.

అయినను, మన ట్రాన్సిస్టరులో వినవచ్చు బాతుకూత చాలమట్టుకు గుప్తభాషణము కాదు. విమానముల మాటయు అట్లే వినబడవచ్చును. 2008 మార్చిలో హైదరాబాదులోని బేగంపేట నుండి ప్రయాణికవిమానములు శంషాబాదునకు తరలివచ్చినవి. ఇచ్చటి కంట్రోల్ టవరు పైలట్లతో మాటాడునది 118 నుండి 137 మెగాహెర్ట్జుల నడుమ. ఆ తరంగము దృష్టి పారునంత మేరకే పోవును. కనుక గల్ఫునకు పోవు విమానము అరేబియా సముద్రము నడుమకు చేరినపుడు, ఆకాశపు పైపొరను తాకి మరలివచ్చు షార్ట్‌వేవ్ మీద ముంబాయితో మాటాడవలసియుండును. శక్తిని పొదుపుచేయుటకై అందు మాటను మోయు వాహకతరంగమును, దాని ఇరుప్రక్కల నుండు రెండు పార్శ్వములలో నొకదానిని తొలగించి పంపుదురు. ఆ వాహకమును తిరిగి చేర్చు సాధనము లేని రేడియోలో మాట ముక్కలగును. సాధనమున్నను, పైపార్శ్వమునకు బదులు క్రిందిపార్శ్వమును ఎంచుకొన్నచో, పైన చెప్పిన తలక్రిందుల మాటయే సాక్షాత్తుగా వినబడును!

వైమానికుల మాటను కావలెనని మరుగుపరపరు. ఒక విమానమునకిచ్చిన అనుమతి తక్కిన పైలట్లందరి చెవిని పడుటయే రక్షణ. టవరు తరంగముపై ఇద్దరొకేసారి మాటాడినచో ఈలధ్వని ఆ సంగతిని వెంటనే తెలుపును. ఈ బహిరంగత ఎన్నటికిని చెడకూడదని నా దృఢాభిప్రాయము.

ఔత్సాహికుల హామ్ రేడియో నిబంధనలును అట్లే రహస్యసంకేతములను నిషేధించి, తేటమాటనే విధించుచున్నవి. హైదరాబాదు రాజ్‌భవన్ రోడ్డులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను నేర్పుచున్నది. శంషాబాదు ప్రాంతపు విద్యార్థులారా, పరీక్ష వ్రాసి, లైసెన్సు పొంది, ఈ తరంగములను మీరే స్వయముగా పరిశీలింపుడు.